ముందు గదిలోనే

జూన్ 3

పంతులమ్మకి,

'ఇక్కడ అందరం క్షేమం' అని మొదలుపెట్టాలట. మీ నాన్న చెప్పాడు. క్షేమంగా ఉంటే నేను కుట్టు వదిలేసి కలం ఎందుకు పట్టుకుంటానే? నా కుడి మోకాలు క్షేమంగా లేదు. మిగతా అత్తంతా బాగానే ఉంది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. కొట్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కొలతలకి నిలబడి ఉంటారు. నేను ఫోనెత్తితే వాళ్ల చేతులు పైకి, చెవులు నా వైపు. అందుకని నువ్వు నేర్పిన అక్షరాలకి పని పెట్టాను. తప్పులుంటే ఎర్ర గీత గీసి పంపకు.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లు కూర్చుని మిషను తొక్కడం వల్ల తొడలో కండ పోయిందట, ఒంటి బరువంతా మోకాలి మీదకి వస్తోందట. రోజూ నడవమన్నాడు. లేకపోతే రెండేళ్లలో కుట్టు మానేసి ఇంట్లో కూర్చోవాల్సి వస్తుందన్నాడు. "కూర్చుంటే ఏమైందమ్మా, చాలా కష్టపడ్డారు కదా" అని ఓదార్చాడు కూడా. నాకు ఒళ్లు మండింది. రోగం వచ్చిందే కూర్చోవడం వల్ల, మందు కూడా కూర్చోవడమేనా? మీ మావయ్య పోయిన నెలకే ఈ కొట్టు తలుపు తీసిన మనిషిని. దీన్ని మూసి గదిలో ప్యాను కింద కూర్చుంటే నేను ఎవర్ని?

నాలుగు రోజులు నడిచాను. వీధిలో కుక్కలు ఎక్కువయ్యాయి. మానేశాను.

మొన్న బట్టలివ్వడానికి బ్యాంకావిడ ఇంటికి వెళ్తే అక్కడ ఒక మిషను చూశాను. రెండు పలకల మీద నిలబడి, రెండు కర్రలు పట్టుకుని, గాల్లో నడుస్తున్నట్టు తొక్కుతోంది. పాదం పలకని వదలదు, నేలకి తగలదు, కాబట్టి మోకాలికి దెబ్బ లేదంది. ఎలిప్టికల్ అంటారట. నువ్వు మనుషుల్ని నడిపించే చదువే చదువుతున్నావు కదా, ఏది కొనాలో చెప్పు. కొనాలా వద్దా అన్నది మాత్రం చెప్పకు. అది అయిపోయింది.

మీ అత్త


జూన్ 9

అత్తకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎర్ర గీతలేమీ గీయలేదు. నీ 'ప్యాను' దగ్గర చెయ్యి దురద పెట్టింది గానీ ఆపుకున్నాను.

మన ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కావడం వల్ల అందరి మందుల చీటీలూ నా దగ్గరికే వస్తాయి. "ఈ బిళ్ల అన్నం ముందా తరవాతా" అని అడుగుతారు, అంతే. ఒక వస్తువు ఎంచిపెట్టమని అడిగింది నువ్వే. అందుకని సరిగ్గా చేయాలనుకున్నాను. మా ఫిజియోథెరపీ విభాగంలో ఎలిప్టికల్స్ నాలుగున్నాయి. పని అయ్యాక గంటసేపు ఒక్కోటీ ఎక్కి చూశాను. మా పెద్ద మేడమ్ తలుపు దగ్గర ఆగి, "పరీక్షకా?" అంది. "మా అత్తకి" అన్నాను.

నాకు తెలిసినది రాస్తాను. అన్నిటికన్నా ముందు చూడాల్సింది అడుగు పొడవు. ముందుకెళ్లిన పలకకీ వెనక ఉన్న పలకకీ మధ్య దూరం అది. నీ కాలికి మించి పొడవైతే తుంటి లాగుతుంది, తక్కువైతే మోకాలు ఊరికే మడతపడుతుంది. తరవాత లోపలి చక్రం బరువు. చక్రం తేలికైతే తొక్కుడు కుదుపుగా ఉంటుంది. ఈ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. ఆపైన అది నీ బరువు మోయగలగాలి, ఎక్కితే ఊగకూడదు. బల్బులు, పాటలు, గుండె బొమ్మలు చూసి మోసపోవద్దు.

నీ ఎత్తు, నడుము నుంచి మడమ దాకా కాలి పొడవు కొలిచి రాయి. అలాగే ఏ గదిలో పెడతావో కూడా రాయి.

ఒక్క మాట. నువ్వు కుక్కలకి భయపడటం ఏమిటి? చిన్నప్పుడు నన్ను బడి దాకా దింపుతూ, మీద పడబోయిన కుక్కని చెప్పుతో తరిమింది నువ్వే కదా? ఇంకో వీధి నుంచి వెళ్లి చూశావా?

నీ మేనకోడలు


జూన్ 14

పంతులమ్మా,

ఎత్తు ఐదడుగుల నాలుగు అంగుళాలు. కాలి పొడవు నలభై రెండు. రెండుసార్లు కొలిచాను. వేరే వీధి సంగతి వదిలెయ్.

నిన్న మీ నాన్నని తోడు తీసుకుని షాపుకి వెళ్లాను. అమ్మే అతను మీ నాన్న ముందుకొచ్చి, "రండి సార్, మీకేనా?" అన్నాడు. గోడలకి రంగులేసే మనిషి, కట్టెపుల్లలా ఉంటాడు మీ నాన్న. వాడికెందుకు? "తొక్కేది అక్క, నేను తోడొచ్చాను" అన్నాడు మీ నాన్న. అతను నన్ను పైనుంచి కిందకి చూసి, లోపలికెళ్లి ముక్కాలి పీటంత వస్తువు ఒకటి పట్టుకొచ్చాడు.

"ఇది కుర్చీలో కూర్చునే తొక్కొచ్చు ఆంటీ. పనైపోయాక మంచం కిందకి తోసేస్తే ఎవరికీ కనపడదు."

"కనపడకూడని పని నేనేం చేస్తున్నాను బాబూ?" అన్నాను.

మీ నాన్న పక్కకి తిరిగి దగ్గాడు. నవ్వొస్తే వాడికి దగ్గు వస్తుంది, నీకు తెలుసుగా.

నిలబడి తొక్కేవి మూడు చూశాను. "చక్రం ఎంత బరువు?" అంటే, "స్క్రీను చూడండి ఆంటీ, పాటలొస్తాయి" అంటాడు. పాటలు నేను పాడుకుంటాను, చక్రం సంగతి చెప్పమన్నాను. చివరికి లోపల్నుంచి కాగితం తెచ్చి చదివాడు. మొదటిది తేలిక. చెప్పకపోయినా కాలికి తెలిసిపోయింది. రెండోది బాగుంది, ఒకసారి కదిలిస్తే తనే లాక్కెళ్తోంది.

అయితే ఒకటి జరిగింది. "వెనక్కి కూడా తొక్కండి ఆంటీ, వెనక కండలకి మంచిది" అన్నాడు. నా వల్ల కాలేదు. కాలు ముందుకే పోతోంది గానీ వెనక్కి తిరగనంటోంది. ముప్పై ఏళ్లుగా నాకు కుట్టు మిషను చక్రం వెనక్కి తిరిగిందంటే దారం తెగిందనే అర్థం. ఆ భయం కాల్లో కూర్చుంది. "దారం తెగుతుంది" అని పైకే అనేశాను. అతను మిషను చుట్టూ తిరిగి దారం కోసం వెతికాడు పాపం!

ముందు గదిలో పెడతాను, అదే కొట్లో, కుట్టు మిషను పక్కన. తొందరగా రాయి.

అత్త


జూన్ 20

అత్తా,

నువ్వు నా చెవి దాకా వస్తావు. నా ఎత్తు ఐదడుగుల నాలుగు. మరి నీ ఎత్తు కూడా ఐదడుగుల నాలుగు ఎలా అయింది?

అరగంట ఆలోచించాక వెలిగింది. వదులు వేశావు కదూ? కాలి పొడవుకి కింద మడత కూడా కలిపావు. నీ కొలత ప్రకారం చూస్తే ఇరవై అంగుళాల అడుగున్న మిషను చెప్పేదాన్ని. ఎక్కిన రోజే తుంటి పట్టేసేది. ఇది బట్ట కాదు అత్తా, ఉతికితే ముడుచుకోదు. నీ అసలు ఎత్తు ఐదడుగుల ఒకటి. పదహారు అంగుళాల అడుగు సరిపోతుంది. నీకు నచ్చిన ఆ రెండోదాన్ని పదహారుకి మార్చుకోవచ్చేమో అడుగు. మార్చుకునే వీలుంటే అదే తీసుకో.

ఇక రెండో విషయం. కుక్కల సంగతి నాన్న చెప్పేశాడు. నేనే తవ్వి తవ్వి అడిగాను, ఆయన్ని తిట్టకు. సైకిలు షాపు ముందు బెంచీ మీద కూర్చునేవాళ్లు నిన్ను చూసి నవ్వారట. వీధి కబుర్లన్నీ మోసే ఆ 'రేడియో' అనే ఆయన, "రోడ్డు రోలరొస్తోంది, కాళ్లు తీసుకోండిరా" అన్నాడట. అది విన్న దగ్గర్నుంచి నాకు పాఠం తలకెక్కడం లేదు.

అందుకే మిషను ముందు గదిలో వద్దు. ముందు గది తలుపు తీస్తే ఎదురుగా ఆ బెంచీయే. వెనక గదిలో పెట్టుకో. బరువు చక్రం ఉన్నదానికి పెద్దగా శబ్దం రాదు కాబట్టి బయటికి వినపడదు. కిటికీకి మందంగా ఒక పరదా వేసుకో. ఎవరి కంటా పడకుండా, ఎవరి మాటా వినకుండా ప్రశాంతంగా చేసుకోవచ్చు. నీ మంచి కోసమే చెబుతున్నాను.

నీ మేనకోడలు


జూన్ 24

అమ్మాయికి,

వదులు వేయకుండా కొలిచేవాళ్లు ఉంటారని నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను.

రెండోది ఒప్పుకోను. పరదా కూడా నన్నే కుట్టుకోమంటావా?

మంచం కిందకి తోసెయ్యమన్న అతనికి నేను ఎవరో తెలియదు. నీకు తెలుసు. తెలిసినదానివి, చదువుకున్నదానివి, నువ్వూ అదే మాట పెద్ద అక్షరాలతో రాశావు.

ఆ రోజు వాళ్లు అన్న మాట నన్ను అంతగా గుచ్చలేదు. నా ఒళ్లు నాకు తెలుసు, అద్దం నా కొట్లోనే ఉంది. కానీ నేను వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను చూడు, అది గుచ్చుతోంది. వాళ్లు చెయ్యి పెట్టి తోయలేదు. నేనే తిరిగాను. పైగా నీకు కుక్కలని రాశాను.

ఇప్పుడు మిషను కూడా వెనక్కే పోవాలా?

అత్త


జూలై 1

అత్తా,

నన్ను 'అమ్మాయికి' అని పిలిచావు. పరాయివాళ్ల అమ్మాయికి రాసినట్టు ఉంది. రెండు రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. నిన్ను ఎవరూ ఒక్క మాట అనకూడదనే నా బాధ. దాన్ని ఆ అమ్మే అతని మాటతో జత కడితే నేనేం చెప్పను?

కోపం పక్కన పెట్టి పని సంగతి రాస్తాను. నేను ఒక పొరపాటు చేశాను, పైకప్పు ఎత్తు అడగలేదు. ఎలిప్టికల్ ఎక్కినప్పుడు మనిషి నేల మీద ఉండడు. పలక పైకి లేచినప్పుడు పదిహేను అంగుళాల దాకా లేస్తాం. నీ ఎత్తుకి అది కలిపి, తల మీద కాస్త ఖాళీ ఉంచితే దాదాపు ఏడడుగులు కావాలి. నాన్నని పంపి కొలిపించాను, వదులు వేయొద్దని మరీ మరీ చెప్పి. వెనక గదిలో అటక ఆరడుగుల ఎత్తులోనే ఉందట, గోడ నుంచి గోడ దాకా. అక్కడ పెడితే ప్రతి అడుగుకీ నీ తల అటకకి తగులుతుంది. ముందు గదిలో తొమ్మిదడుగులు ఉంది.

కాబట్టి ఇక గొడవే లేదు. వెనక గదిలో పట్టదు, ముందు గదిలోనే పెట్టాలి. ఎవరైనా అడిగితే లోపల అటక తగులుతోందని చెప్పు, అందరూ నోరు మూసుకుంటారు. ఇప్పుడు సంతోషమేనా?

నీ మేనకోడలు


జూలై 9

పంతులమ్మా,

'అమ్మాయికి' అన్నది కోపంలో. కొట్టేశాననుకో.

కానీ నీ అటక నాకు సంతోషం ఇవ్వలేదు. ఏం జరిగిందో విను. మీ నాన్న కొలత టేపు జేబులో పెట్టుకుని వెళ్తూ వెళ్తూ బెంచీ దగ్గర ఆగాడు. వాడికి నోరు ఆగదు. "అక్క వ్యాయామం మిషను కొంటోంది. లోపల అటక తగులుతోందని ముందు గదిలో పెడుతున్నాం" అని చెప్పొచ్చాడు. మర్నాడు రేడియో నా కొట్టు ముందుకొచ్చి, మొహం ఎంతో మెత్తగా పెట్టుకుని, "పాపం, లోపల చోటు లేక బయట పెట్టుకుంటున్నారటగా టైలరమ్మా. ఏం చేస్తాం, ఇరుకు ఇళ్లు" అన్నాడు.

వెక్కిరిస్తే పడేదాన్ని. జాలి పడ్డాడే! చోటు లేక, గతి లేక నేను వాళ్ల కళ్లముందు నిలబడుతున్నానట. నువ్వు నాకు ఇచ్చిన సాకు అదే.

ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిచాను. అటక తీసెయ్యమన్నాను.

"మిషను అక్కడ పెడతావా అక్కా?" అన్నాడు.

"పెట్టను."

"మరి తియ్యడం దేనికి?"

"పెట్టగలిగి కూడా పెట్టకుండా ఉండటానికి."

అతను నా మొహం చూశాడు, మీ నాన్న మొహం చూశాడు. "అక్కకి తిక్క పుట్టింది, కానివ్వు" అన్నాడు మీ నాన్న. ఒకటిన్నర రోజు పట్టింది. పాత ట్రంకు పెట్టె, పగిలిన ఇస్త్రీ పెట్టె, మీ మావయ్య గొడుగులు రెండు, నీ మూడో తరగతి పలక దిగాయి. పలక కొట్లో గోడకి ఆనించాను. గది ఇప్పుడు ఎంత ఎత్తుగా ఉందో తెలుసా? మాట్లాడితే గొంతు తిరిగొస్తోంది. వదులు లేకుండా కొలిచాను. తొమ్మిదడుగులు. ఇప్పుడు నీ మిషను అక్కడ హాయిగా పడుతుంది.

అయినా ముందు గదిలోనే.

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. నువ్వు అంత తొందరగా, అంత బాగా, పరదాతో సహా ఎలా ఆలోచించావు? అది నా కోసం అప్పటికప్పుడు తట్టిన మాటలా లేదు. ఎన్నాళ్లుగానో నీ దగ్గర ఉన్న బట్టలా ఉంది.

అత్త


జూలై 16

అత్తా,

ఉత్తరంలో చివరి మాట చదివి హాస్టల్ మెట్ల మీద కూర్చుండిపోయాను.

నిజమే. నేనూ నీ పోలికే కదా. నీ భుజాలు, నీ నడుము. మా ప్రాక్టికల్ క్లాసులో వ్యాయామం చేసి చూపించడానికి ఎవరైనా ముందుకి రండి అంటారు. రెండేళ్లుగా నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. చార్టు పట్టుకుంటాను, చాపలు పరుస్తాను, లైటు వేస్తాను. పని చేస్తున్నట్టే ఉంటుంది, ఎవరూ చూడరు. పరీక్షల్లో నావే మంచి మార్కులు కాబట్టి ఎవరూ అడగరు కూడా. పరదా వేసుకుని బతకడం నాకు బాగా వచ్చు. అది మంచి సలహా అనుకునే నీకు ఇచ్చాను.

సోమవారం పెద్ద మేడమ్, "ఒకరు రండి" అంది. చార్టు నా చేతిలోనే ఉంది. పక్కమ్మాయి చేతిలో పెట్టి వెళ్లాను. ఒంటికాలి మీద నిలబడి మోకాలు వంచాలి. వంచాను. "చూడండి, మోకాలు లోపలికి పోతోంది. చాలామంది చేసే తప్పు ఇదే. అందరూ దగ్గరికి రండి" అంది మేడమ్. ఇరవై రెండు మంది దగ్గరికొచ్చి నా మోకాలు చూశారు. ఎవరో నవ్వారు కూడా. సరిదిద్దుకుని మళ్లీ చేశాను, మళ్లీ తప్పే చేశాను. మూడోసారి కాస్త నయం. చచ్చిపోతాననుకున్నాను గానీ ఆకలేసింది.

ఇక నీ మిషను. రెండోదే తీసుకో. మొదటి రోజు ఐదు నిమిషాలు దాటొద్దు. మడమ పలక మీద ఆనాలి, వేళ్ల మీద లేవొద్దు. మొదట్లో కదలని కడ్డీలే పట్టుకో. కండ నొప్పి వస్తే ఓర్చుకో. మోకాలి లోపల సూదిలా పొడిస్తే మాత్రం దిగిపో, పంతం పట్టొద్దు. వెనక్కి తొక్కడం ఇప్పుడే వద్దు. అక్కడ దారం లేదని కాలికి మెల్లగా చెబుదాం.

పంతం పట్టొద్దన్నది మోకాలి విషయంలోనే.

నీ పంతులమ్మ


ఆగస్టు 2

పంతులమ్మా,

వచ్చింది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి, "ఎక్కడ పెట్టమంటారు?" అన్నారు. ముందు వాళ్లని వెనక గదిలోకి తీసుకెళ్లి చూపించాను. "బాగుందండీ, ఖాళీగా, చల్లగా ఉంది, ఇక్కడే బిగించేస్తాం" అన్నారు. కాదు, చూడటానికే తీసుకొచ్చానని చెప్పి ముందుకి నడిపించాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు పట్టలేదు. నేను ఏది వద్దన్నానో ఒక్కరికైనా తెలియాలి కదా.

కుట్టు మిషను గోడ వైపు జరిపి, ఇది వీధి వైపు పెట్టించాను. పదహారుకే బిగించారు. టేపు పెట్టి నేనే చూశాను.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి రెండు తలుపులూ బార్లా తీశాను. బెంచీ నిండుగా ఉంది. మీ నాన్న తలుపు సగం వేద్దామని చెయ్యి పెట్టాడు. "తియ్యి చెయ్యి" అన్నాను, తీసేశాడు.

ఎక్కాను. ఒక నిమిషమయ్యాక ఎవరో ఈల వేశారు. బ్యాంకావిడ తొక్కుతుంటే ఎంత తేలిగ్గా అనిపించిందో! నేను మాత్రం ఇసకలో నడుస్తున్నట్టే ఉంది. నువ్వు ఐదు దాటొద్దన్నావు. నేను ఐదు చేరనేలేదు. నాలుగు నిమిషాలకే ఆయాసం ముంచుకొచ్చింది, కడ్డీ పట్టుకుని ఆగిపోయాను. అందరి ముందూ. జాకెట్టు తడిసిపోయింది, జుట్టు ముడి జారింది. వాళ్లు చప్పట్లు కొట్టారు, మెచ్చుకుని కాదులే.

దిగాను. లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగుదామనుకున్నాను. లోపలికి వెళ్తే మళ్లీ బయటికి రానని తెలుసు. అందుకని మీ నాన్నతో చెంబు అక్కడికే తెప్పించుకుని, గడప దగ్గర నిలబడి తాగాను.

రేడియో వీధికి అడ్డంపడి వచ్చాడు. "ఏం టైలరమ్మా, అంత తొక్కావు, ఒక్క అడుగు ముందుకి కదిలావా? ఎక్కడున్నావో అక్కడే ఉన్నావుగా!"

బెంచీ అంతా గొల్లుమంది. మీ నాన్నకి కూడా దగ్గొచ్చింది, వెధవ.

"అవునయ్యా, ఇక్కడే ఉంటాను. అందుకే తొక్కుతున్నాను" అన్నాను.

అతని జవాబు కోసం నేను ఆగలేదు, చెంబు కింద పెట్టి మళ్లీ ఎక్కాను. ఈసారి రెండు నిమిషాలు.

పది రోజులైంది. ఇప్పుడు తొమ్మిది నిమిషాలు ఆగకుండా తొక్కుతున్నాను. మోకాలు తగ్గిందా అని అడగొద్దు, ఇంకా నొప్పిగానే ఉంది. మెట్లెక్కితే తిట్టుకుంటున్నాను. రేడియో కూడా మానలేదు, రోజుకో మాట తెస్తున్నాడు. నిన్నటిది బాగుంది, నాకే నవ్వొచ్చింది. తొక్కుతూ నవ్వితే ఊపిరి ఆడదు, అది కూడా నీ పుస్తకాల్లో ఉందేమో చూడు.

ఆరున్నర అవుతోంది. వెళ్లి తలుపులు తియ్యాలి.

అత్త